పొలం వదిలిన చేతులు: చైనా ఎలా పెరిగింది, మనం ఎక్కడ తడబడ్డాం

1990లో సగటు చైనీయుడి కంటే సగటు భారతీయుడి ఆదాయమే కాస్త ఎక్కువ. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. అప్పటి డాలర్ లెక్కల్లో మన తలసరి జీడీపీ 370 దగ్గర, వాళ్ళది 320 దగ్గర ఉండేది. ఇప్పుడు వాళ్ళది 13 వేల చుట్టుపక్కల, మనది 2,700కి అటూఇటూ. జనాభాలో రెండూ ఒకే కోవకు చెందిన దేశాలు. అప్పట్లో రెండూ పేదవే, రెండిట్లోనూ ఎక్కువమంది బతికింది నాగలి మీదే. ఒక్క తరంలో తేడా దాదాపు అయిదు రెట్లయింది.

ఎందుకని అడిగితే టీ కొట్టు దగ్గర మూడు సమాధానాలు రెడీగా ఉంటాయి. అక్కడ నియంతృత్వం, చెప్పింది జరిగి తీరుతుంది. అక్కడ కూలి చవక. వాళ్ళు అన్నీ కాపీ కొడతారు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది గానీ ఏదీ లెక్కకు నిలవదు. నియంతృత్వం 1949 నుంచీ ఉంది. ఆ పాలనలోనే 1959-61 మధ్య వచ్చిన కరువులో కోట్ల మంది ఆకలితో చచ్చిపోయారు. కూలి చవక అంటే మన దగ్గరా చవకే. ఇక కాపీ కొట్టడానికి ఏ దేశానికైనా అవకాశం ఉంది. కొట్టి నెగ్గినవి మాత్రం చాలా తక్కువ.

అసలు ఒక పెద్ద దేశం ఎలా పెరుగుతుందో చూడాలంటే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. టీవీ చర్చల్లో జీడీపీని ఎప్పుడూ ఖర్చు వైపు నుంచే చూస్తారు. జనం ఎంత కొన్నారు, ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టింది, కంపెనీలు ఎంత పెట్టుబడి పెట్టాయి, ఎగుమతులెన్ని. ఈ ఏడాది ఎలా ఉందో తెలియడానికి అది పనికొస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఊళ్ళో షామియానా వాళ్ళకూ వంటవాళ్ళకూ చేతినిండా పని దొరుకుతుంది. అయితే ఇరవై ఏళ్ళలో ఆ ఊరు బాగుపడిందా లేదా అన్నది పెళ్ళిళ్ళు చెప్పవు. ఆ ఊళ్ళో మనుషులు అప్పుడేం పని చేసేవాళ్ళు, ఇప్పుడేం చేస్తున్నారు, ఒక రోజు పనిలో అప్పటికంటే ఎంత ఎక్కువ తీయగలుగుతున్నారు అన్నది చెబుతుంది. ఈ వ్యాసం ఆ రెండో వైపు గురించే.

చక్రవడ్డీ లెక్క ఒకటి గుర్తుంచుకుంటే చాలు. 70ని వృద్ధి రేటుతో భాగిస్తే ఆదాయం రెట్టింపు కావడానికి పట్టే ఏళ్ళు వస్తాయి. ఏటా 3.5 శాతం పెరిగితే 20 ఏళ్ళు, 7 శాతమైతే 10 ఏళ్ళు. స్వాతంత్ర్యం తర్వాత మూడు దశాబ్దాలు మనం దాదాపు ఆ 3.5 దగ్గరే ఉన్నాం. జనాభా పెరుగుదల తీసేస్తే మనిషికి మిగిలింది ఏడాదికి ఒకటిన్నర శాతం లోపే. చైనా 1978 నుంచి నాలుగు దశాబ్దాల పాటు సగటున 9 శాతానికి పైగా పెరిగింది. ఎనిమిదేళ్ళకోసారి రెట్టింపన్న మాట.

పద్దెనిమిది వేలిముద్రలు

ఆ కథ బీజింగ్‌లో మొదలైందని పుస్తకాలు రాస్తాయి. 1978 డిసెంబరులో కమ్యూనిస్టు పార్టీ సమావేశం, అప్పటి అగ్రనేత డెంగ్ షియావోపింగ్ సంస్కరణలు. అదీ నిజమే. కానీ సరిగ్గా అదే చలికాలంలో అన్హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే చిన్న పల్లెలో ఇంకోటి జరిగింది. కరువు కాలంలో ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో అన్హుయ్ ఒకటి. ఆ పల్లె జనం అడుక్కోవడానికి వేరే ఊళ్ళకు పోవడం మామూలు. అక్కడి పద్దెనిమిది మంది రైతులు ఒక రాత్రి ఒక ఇంట్లో కూడి, రహస్యంగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. ఊరంతా ఉమ్మడిగా చేసే కమ్యూన్ పొలాన్ని కుటుంబాలవారీగా పంచుకుంటాం. ప్రభుత్వానికి కట్టాల్సిన ధాన్యం కట్టేస్తాం. మిగిలింది ఎవరిది వాళ్ళదే. ఈ సంగతి బయటపడి ముందు నిలబడ్డవాళ్ళు జైలుకు పోతే, వాళ్ళ పిల్లల్ని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు పెంచుతారు.

మన రైతుకు ఈ ఏర్పాటు విడమరిచి చెప్పక్కర్లేదు. పాలికి చేసే పొలానికీ కౌలుకు చేసే పొలానికీ ఉన్న తేడా అది. పాలికి చేస్తే ఇంకో బస్తా పండించినా సగం పక్కవాడికి పోతుంది. ఇంత అని ముందే మాట్లాడుకున్న కౌలైతే పైన పండింది మొత్తం మనదే. ఇక కమ్యూన్‌లో అయితే పాలికంటే ఘోరం. పొద్దున్నే లేచి కలుపు తీసినవాడికీ, గట్టు మీద కూర్చున్నవాడికీ దాదాపు ఒకే లెక్క.

మరుసటి ఏడాది షియావోగాంగ్ పంట అనేక రెట్లు పెరిగింది. అదే నేల, అదే మనుషులు. కొత్త కాలవ లేదు, ట్రాక్టరు లేదు. మారింది ఒక్కటే, మిగులు ఎవరిది అన్న లెక్క. సంగతి బయటపడింది, కానీ ఎవరూ జైలుకు పోలేదు. ఆ రాష్ట్ర నాయకత్వం చూసీ చూడనట్టు ఊరుకుంది, తర్వాత డెంగ్ మెచ్చుకున్నాడు. 1980ల నడిమికి కమ్యూన్లు దేశమంతటా మాయమయ్యాయి.

'నియంతృత్వం వల్లే' అనేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మొదటి మలుపు ఆజ్ఞ వేసినందువల్ల రాలేదు. వేసిన ఆజ్ఞను అమలు చేయకుండా వదిలేసినందువల్ల వచ్చింది.

అయిదెకరాలు, అయిదుగురు అన్నదమ్ములు

పంట పెరిగితే దేశం తిండి తింటుంది. అంతటితో ధనికం కాదు. అసలు పెరుగుదల తర్వాతి అంకంలో ఉంది. అయిదెకరాల పొలంలో అయిదుగురు అన్నదమ్ములు పని చేస్తున్నారనుకోండి. ఇద్దరు బయటికి పోతే పంట తగ్గుతుందా? పెద్దగా తగ్గదు, మిగిలిన ముగ్గురు సర్దుకుంటారు. అంటే ఆ ఇద్దరి శ్రమ పొలంలో ఉన్నంత కాలం దేశం ఆదాయానికి చేర్చేది దాదాపు ఏమీ లేదు. వాళ్ళు పోయి చెప్పుల ఫ్యాక్టరీలోనో బొమ్మల ఫ్యాక్టరీలోనో చేరితే అక్కడ తయారయ్యే సరుకంతా కొత్తగా పుట్టిన ఆదాయమే. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో పుట్టిన ఆర్థర్ లూయిస్ 1954లో ఈ సంగతిని సిద్ధాంతంగా రాశాడు. 1979లో ఆయనకు నోబెల్ వచ్చింది. చైనా తలుపులు తెరుస్తున్నది కూడా సరిగ్గా అప్పుడే.

1978లో చైనా కార్మికుల్లో 70 శాతం పొలాల్లో ఉన్నారు. ఇప్పుడు పావు వంతు కూడా లేరు. ముందు ఊళ్ళలోనే పుట్టిన చిన్న పరిశ్రమలు వాళ్ళను తీసుకున్నాయి, తర్వాత తీరంలోని నగరాలు. 1980లో నాలుగు ప్రత్యేక ఆర్థిక మండలాలు పెట్టారు. వాటిలో షెంజెన్ పేరు అందరికీ తెలుసు. దాన్ని 'జాలరి పల్లె' అని రాయడం పత్రికలకు అలవాటు గానీ, అప్పటికే అది మూడు లక్షల మంది ఉన్న ప్రాంతం. అయినా మూడు లక్షల నుంచి కోటీ డెబ్బై లక్షలు దాటడం చిన్న సంగతేం కాదు. దాని అసలు బలం పక్కనే ఉన్న హాంకాంగ్. డబ్బు, ఆర్డర్లు, ఓడలు, ఫ్యాక్టరీ నడిపే నేర్పు అన్నీ అక్కడి నుంచి వంతెన దాటి వచ్చాయి. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక కొనేవాళ్ళకు కొదవ లేకుండా పోయింది.

పొలం నుంచి వచ్చిన మనిషి ఫ్యాక్టరీలో నిలబడాలంటే కొంచెం చదువు కావాలి, ఒంట్లో సత్తువ కావాలి. మన చర్చల్లో ఎవరూ పట్టించుకోని సంగతి ఇది. 1978 నాటికే చైనాలో సగటు ఆయుర్దాయం మనకంటే పదేళ్ళకు పైగా ఎక్కువ. 1981 జనగణనలో మన అక్షరాస్యత 43 శాతం దగ్గర ఉంటే, 1982లో వాళ్ళది మూడింట రెండొంతులు. ఆడవాళ్ళు బయటికెళ్ళి పని చేయడం అప్పటికే మామూలు. మావో కాలం ఆర్థికంగా నాశనం చేసింది ఎంతో ఉంది, కానీ పల్లె బడి, పల్లె వైద్యం మాత్రం మిగిల్చింది. 1990లో ఆదాయాలు సమానమన్న లెక్క ఒక విధంగా మోసపూరితం. పైకి సమానంగా కనబడిన రెండు బండ్లలో ఒకదాని ఎద్దులు బలంగా ఉన్నాయి.

ఈ వలసకు చెల్లించిన ధర కూడా ఉంది. 1958లో పెట్టిన హుకో అనే నమోదు పద్ధతి ప్రకారం పల్లెలో పుట్టినవాడు పట్నంలో పని చేయొచ్చు గానీ అక్కడి బడి, ఆస్పత్రి అతనివి కావు. కోట్ల మంది పిల్లలు పల్లెల్లో తాత, నానమ్మల దగ్గర పెరిగారు. పాలమూరు వలసలు చూసినవాళ్ళకు ఆ ఇళ్ళు ఎలా ఉంటాయో తెలుసు.

నాలుగో కుట్టు మిషన్

మూడో అంకం పెట్టుబడి. ఎక్కువ గందరగోళం ఉన్నదీ ఇక్కడే.

ఒక టైలర్ దగ్గర ఒక మిషన్ ఉంది. రెండోది కొని ఒక కుర్రాణ్ణి పెట్టుకుంటే పని బాగా పెరుగుతుంది. మూడోది కాజాలకని కొంటే అదీ కొంత కలిసొస్తుంది. నాలుగోది కొంటే దాని మీద బట్టలు ఆరేసుకోవడమే. కుట్టేవాళ్ళు పెరగకుండా, పద్ధతి మారకుండా మిషన్లు మాత్రం పెంచుకుంటూ పోతే ఒక్కో కొత్త మిషన్ వల్ల వచ్చేది తగ్గిపోతుంది. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1950లలో దీన్ని లెక్కగట్టి చూపించాడు. 1909 నుంచి 1949 దాకా అమెరికాలో గంట శ్రమకు వచ్చే ఉత్పత్తి రెట్టింపయింది. అందులో యంత్రాలు పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతే. మిగతా ఏడు వంతులూ మెరుగైన పద్ధతి, విజ్ఞానం, మనుషుల నేర్పు. సోవియట్ యూనియన్ ఈ పాఠాన్ని ఎదురు దిక్కు నుంచి నేర్చుకుంది. ఉక్కు మీద ఉక్కు పోసి కొన్ని దశాబ్దాలు దూసుకుపోయి, 1970ల నుంచి చతికిలబడింది.

చైనా ఇరవై ఏళ్ళుగా తన ఆదాయంలో 40 శాతానికి పైగా ఏటా పెట్టుబడిగా పెడుతూ వచ్చింది. ఈ స్థాయిలో ఇన్నేళ్ళు పెట్టిన పెద్ద దేశం ఇంకొకటి కనబడదు. ఆ డబ్బంతా ఎక్కడిది? జనం పొదుపు. పింఛను, వైద్యం గ్యారంటీ లేనప్పుడు జనం దాచుకుంటారు. ఆ డబ్బుకు బ్యాంకులు ఇచ్చే వడ్డీ చాలా ఏళ్ళు ధరల పెరుగుదలకు కూడా సరిపోలేదు. అదే డబ్బు చవక అప్పుగా ప్రభుత్వ కంపెనీలకు, స్థానిక ప్రభుత్వాలకు వెళ్ళింది. మామూలు ఇంటి జేబులోంచి తీసి రోడ్డు వేయడం లాంటిది ఇది. రోడ్డు అవసరమైనంత కాలం అందరికీ లాభమే. తీరంలో రేవులు, కరెంటు, 2008లో బీజింగ్-తియాన్జిన్‌తో మొదలైన హైస్పీడ్ రైళ్ళు ఊరికే పోలేదు.

2008లో ప్రపంచ సంక్షోభం వచ్చినప్పుడు ఎగుమతులు పడిపోయాయి. ప్రభుత్వం 4 లక్షల కోట్ల యువాన్ల ఉద్దీపన ప్రకటించింది. అప్పటి నుంచి నాలుగో మిషన్ కథ మొదలైంది. 1994 పన్ను సంస్కరణ తర్వాత స్థానిక ప్రభుత్వాలకు సొంత ఆదాయం తగ్గింది, నేల హక్కులు అమ్ముకోవడం మీద బతకడం మొదలుపెట్టాయి. నేల ధర పెరిగితే వాళ్ళకు లాభం, ఇల్లు కట్టే కంపెనీకి లాభం, ఇల్లు కొన్నవాడికీ లాభంగానే కనబడుతుంది. కొన్న ఇల్లు బీరువాలో బంగారంలా అయిపోయింది. మన రాజధాని శివార్లలో ప్లాట్ల వ్యాపారం చూసిన ఎవరికైనా ఈ మనస్తత్వం తెలిసిందే. పేద రాష్ట్రాల్లో ఒకటైన గుయ్‌జోలో ప్రపంచంలోకెల్లా ఎత్తైన వంతెనలు ఎన్నో ఉన్నాయి. దాంతో పాటు కొండంత అప్పూ ఉంది. 2020 ఆగస్టులో ప్రభుత్వం బిల్డర్ల అప్పులకు పరిమితులు పెట్టేసరికి పేక మేడ కదిలింది. 30 వేల కోట్ల డాలర్లకు పైగా బాకీలున్న ఇళ్ళు కట్టే కంపెనీ ఎవర్‌గ్రాండ్ 2021లో చేతులెత్తేసింది. 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు దాన్ని మూసేసి ఆస్తులు అమ్మమంది.

నన్నడిగితే చైనా కథలో నేర్చుకోవాల్సిన అసలు సంగతి ఇదే. ఒక దశలో బండిని లాగిన ఎద్దే తర్వాతి దశలో బండికి అడ్డం పడుకుంటుంది. ఇంటి జేబు ఖాళీ చేసి ఫ్యాక్టరీలు కట్టే ఏర్పాటు వల్లే అక్కడ కుటుంబాల వినియోగం ఇప్పటికీ జీడీపీలో 40 శాతం దగ్గరే ఉంది. మన దేశంలో అది 60 శాతం దగ్గర. 'జనం ఖర్చు పెట్టండి' అని ఇప్పుడు అక్కడి ప్రభుత్వం ఎంత అన్నా, పెట్టడానికి జనం వాటాగా వచ్చిందే తక్కువ.

ఇక సాంకేతికత. వెనకబడ్డ దేశానికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. కనిపెట్టక్కర్లేదు, తెచ్చుకుంటే చాలు. విదేశీ కంపెనీలను భాగస్వాములతో కలిసి రమ్మనడం, వాళ్ళ దగ్గర పని చేసినవాళ్ళు బయటికొచ్చి సొంతంగా పెట్టడం, పక్కపక్కనే వందల సప్లయర్లు పుట్టడం, ఇలా జరిగింది. 1995లో షెంజెన్‌లో బ్యాటరీలు చేసే చిన్న కంపెనీగా మొదలైన బీవైడీ ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లలో ప్రపంచాన్ని భయపెడుతోంది. అయితే ముందు వరసకు చేరాక తెచ్చుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు, సొంతంగా పుట్టించుకోవాలి. అది నెమ్మదైన పని. అమెరికా 1870 నుంచీ తలసరిన ఏడాదికి సుమారు 2 శాతమే పెరుగుతూ వచ్చింది. ఆ 2 శాతాన్ని నూట యాభై ఏళ్ళు వదలకుండా పట్టుకోవడమే దాని గొప్ప.

కొత్త యంత్రం వచ్చీ రాగానే ఫలితం కనబడదు కూడా. పాత పిండిమర గుర్తున్నవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకటే ఇంజను, పొడవాటి ఇరుసు, దాన్నుంచి ఒక్కో మరకు బెల్టు. అమెరికా ఫ్యాక్టరీలు కూడా అలాగే ఉండేవి. కరెంటు వచ్చాక చాలా ఏళ్ళు ఆవిరి ఇంజను తీసేసి దాని స్థానంలో పెద్ద మోటారు పెట్టారంతే, బెల్టులు అలాగే ఉన్నాయి. 1920లలో ఒక్కో యంత్రానికి ఒక్కో మోటారు పెట్టి, పని వరసను బట్టి ఫ్యాక్టరీనే మార్చి కట్టుకున్నాక ఉత్పాదకత ఎగిసింది. ఏఐ గురించి ఇప్పుడు జరుగుతున్న హడావిడి చూస్తుంటే నాకు ఆ బెల్టులే గుర్తొస్తాయి.

మన చేతులు ఎటు పోయాయి

మన మలుపు 1991. విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి. 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తాకట్టు పెట్టారు. జూన్‌లో ప్రధాని అయిన పీవీ నరసింహారావు పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు, అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకొచ్చింది. చాలావరకు లైసెన్సులు పోయాయి. తర్వాత మన వృద్ధి 6, 7 శాతానికి చేరింది. ఇది చిన్న విజయం కాదు.

కానీ మన పెరుగుదల పొలం నుంచి ఫ్యాక్టరీకి పోలేదు, ఆఫీసుకు పోయింది. ఐటీ వల్ల హైదరాబాద్ రూపం ఎలా మారిందో, మన పిల్లలు డాలస్ దాకా ఎలా చేరారో చెప్పక్కర్లేదు. అయితే దేశం మొత్తం మీద ఐటీలో నేరుగా పని చేసేవాళ్ళు అరవై లక్షల లోపు. దేశంలో పని చేసేవాళ్ళు యాభై కోట్లకు పైమాటే. అంటే నూటికి ఒకరు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన పిల్ల కోడ్ రాయలేదు, చొక్కా కుట్టగలదు. ఆ చొక్కా ఫ్యాక్టరీలే మన దగ్గర రావాల్సినన్ని రాలేదు.

ఎందుకు రాలేదంటే కారణాలు చాలా చెబుతారు. నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది ఒకటి. 1967లో 47 వస్తువులతో మొదలుపెట్టి, ఒక దశలో 800కు పైగా వస్తువులను చిన్న పరిశ్రమలకే రిజర్వ్ చేశాం. యంత్రాల మీద పెట్టుబడి ఇంతకు మించకూడదన్నారు. రెడీమేడ్ దుస్తులు, బొమ్మలు ఆ జాబితాలోవే. సరిగ్గా ఏ వస్తువులతో షెంజెన్ లక్షల మందిని పొలం నుంచి లాగిందో వాటిని మనం పెద్దవి కాకూడదని చట్టం పెట్టి ఆపాం. ఉద్దేశం మంచిదే, చిన్నవాణ్ణి కాపాడాలని. చిన్నవాడు చిన్నగానే ఉండిపోయాడు. జాబితాలో చివరి ఇరవై వస్తువులను తీసేసింది 2015లో. అప్పటికి పండగ అయిపోయింది, పందిరి విప్పేశారు. దానికి తోడు వందమంది దాటితే కార్మికుల్ని తీసేయడానికి ప్రభుత్వ అనుమతి అడగాలన్న నిబంధన, గంటల తరబడి కరెంటు కోతలు, రేవుల్లో ఆలస్యాలు.

ఫలితం ఈ అంకెలో కనబడుతుంది. 2023-24లో పని చేసే ప్రతి నూరు మందిలో 46 మంది ఇంకా వ్యవసాయంలోనే ఉన్నారు, దేశ ఆదాయంలో వాళ్ళ వాటా 18 శాతం దగ్గర. ఇంకో అంకె మరీ ఇబ్బంది పెడుతుంది. 2018-19లో ఈ 46 కాస్తా 42.5గా ఉండేది. కోవిడ్‌లో మేడ్చల్ రోడ్డు మీద మూటలు నెత్తిన పెట్టుకుని నడుస్తూ పోయిన వాళ్ళలో చాలామంది తిరిగి వచ్చారు. కానీ మొత్తం లెక్క మాత్రం పాత స్థితికి రాలేదు. జీడీపీ పెరుగుతూనే ఉంది, చేతులు మాత్రం వెనక్కి నడిచాయి. వచ్చినవాళ్ళకు కూడా ఎక్కువగా దొరికేది భవన నిర్మాణంలో కూలి.

ఇందులో గడియారం కూడా ఉంది. పని చేసే వయసు వాళ్ళు ఎక్కువగా ఉండే కాలం ఏ దేశానికైనా ఒక్కసారే వస్తుంది. చైనాలో 2022లో జనాభా తగ్గడం మొదలైంది, 1961 తర్వాత మొదటిసారి. మన దేశానికి సగటున ఇంకా టైముంది గానీ తెలుగు రాష్ట్రాలకు అంత లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ ఎత్తేసిందంటే ఆ భయం ఎంతవరకు వచ్చిందో తెలుస్తోంది.

అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల పార్కు ఉంది, తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలున్నాయి. రెండు చోట్లా లైన్ల మీద కూర్చునేది వేలాదిగా ఆడవాళ్ళే. చుట్టుపక్కల పల్లెల్లో వాళ్ళ అమ్మలు నాట్లకు, కలుపుకు వెళ్ళినవాళ్ళు. ఏడాదిలో ఆ పని దొరికే రోజులు కొన్నే. కూతురికి నెల నెలా జీతం, పీఎఫ్ వస్తాయి. జీతం చాలదని ఆమె అంటుంది, నిజమే, చాలదు. షెంజెన్‌లో మొదటి తరం అమ్మాయిలకూ చాలలేదు. అక్కడ పల్లెల్లో మిగులు చేతులు అయిపోతున్న కొద్దీ, 2000ల నడిమి నుంచి, జీతాలు గట్టిగా పెరగడం మొదలైంది.